ఫిగర్ స్కేటింగ్ పిల్లల్ని విదేశీ పోటీలకు ఎలా ఎంపిక చేయాలి?

"మా పాపకే కదా సార్ ఎక్కువ మార్కులొచ్చాయి, మరి ఆ అమ్మాయి ఎట్లా పోతోంది?" సెలక్షన్ లిస్టు వాట్సాప్ గ్రూపులో పడగానే అసోసియేషన్ సెక్రటరీకి వచ్చే మొదటి ఫోన్ ఇదే. దీనికి జవాబు ఆ పాప పేరు కూడా తెలియకముందే మీరు కాగితం మీద రాసి పెట్టుకుని ఉంటే హాయిగా మాట్లాడొచ్చు. లేదంటే ఎంత న్యాయంగా ఎంచినా "తన క్లబ్ వాళ్లకే ఇచ్చుకున్నాడు" అన్న మాట పడక తప్పదు.

ఫెడరేషన్‌లోనో రాష్ట్ర అసోసియేషన్‌లోనో సెలక్షన్ బాధ్యత మోసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. తల్లిదండ్రులు చదివినా మంచిదే, ఏం అడగాలో తెలుస్తుంది. నేను హైదరాబాద్‌లో స్కోరింగ్ టేబుల్ వెనక కూర్చునే మనిషిని కనక ఉదాహరణలు ఇక్కడివే ఎక్కువ. రూల్స్ మాత్రం ఐఎస్‌యూవి, అంటే ఇంటర్నేషనల్ స్కేటింగ్ యూనియన్‌వి. అవి ఇక్కడైనా ఫిన్లండ్‌లోనైనా ఒకటే.

జూన్‌లోనే రూల్ బయటపెట్టండి

ఐఎస్‌యూ సీజన్ జులై 1న మొదలవుతుంది. జూనియర్ గ్రాండ్‌ప్రి పోటీలు ఆగస్టులోనే వచ్చి మీద పడతాయి. కాబట్టి మన బడులు తెరిచే జూన్ నెలలోనే సెలక్షన్ విధానం అందరి చేతికీ అందాలి. ఏ పోటీకి ఎన్ని స్థానాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వచ్చిన స్కోర్లు లెక్కిస్తారు, ట్రయల్‌కి ఎంత వాటా, స్కోర్లు దగ్గరదగ్గరగా వస్తే ఏం చూస్తారు, దెబ్బ తగిలి ట్రయల్‌కి రాలేని పిల్ల సంగతేంటి, రిజర్వ్ ఎవరు, అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో. ఇవన్నీ రెండు పేజీల్లో పట్టాలి. తెలుగులో కూడా ఉండాలి. పిల్లల్ని తెల్లారకముందే బండి మీద రింక్‌కి తెచ్చే అమ్మానాన్నలందరికీ ఇంగ్లిష్ సర్క్యులర్ల భాష ఎక్కదు.

"కమిటీ నిర్ణయమే తుది నిర్ణయం" అన్న వాక్యం ఒక్కటి రాసి, అదే విధానం అనుకునే అసోసియేషన్లు ఉన్నాయి. ఆ వాక్యం ఉండొచ్చు. కానీ కమిటీ దేన్ని చూసి నిర్ణయిస్తుందో దాని పైన రాసి ఉంటేనే దానికి విలువ.

కమిటీకి కాస్త విచక్షణ ఉండాలా, అంకెలే మాట్లాడాలా అన్నది పాత గొడవ. జపాన్‌లో వాళ్ల జాతీయ చాంపియన్‌షిప్ గెలిచినవాళ్లకి ఒలింపిక్ బెర్తు ఖాయం, మిగతా స్థానాలకి సీజన్ మొత్తం చూస్తారు. అమెరికాలో కమిటీ మిగతా ఫలితాలన్నీ కూడా తూకం వేస్తుంది. 2014లో అక్కడి జాతీయ పోటీల్లో మిరాయ్ నగాసు మూడో స్థానంలో, ఆష్లీ వాగ్నర్ నాలుగో స్థానంలో నిలిచారు. ఉన్నవి మూడు బెర్తులు. అయినా సోచీ ఒలింపిక్స్‌కి వెళ్లింది వాగ్నర్. అంతకుముందు అంతర్జాతీయ పోటీల్లో ఆమె రికార్డు మెరుగు, కమిటీకి అలా ఎంచే అధికారం రూల్‌లోనే ఉంది. అయినా పెద్ద రభస అయింది. 2018లో పురుషుల విభాగంలోనూ అంతే: జాతీయ పోటీల్లో రెండో స్థానం వచ్చిన రాస్ మైనర్ ఇంట్లో ఉండిపోయాడు, నాలుగో స్థానం వచ్చిన ఆడమ్ రిపన్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. విచక్షణ వాడుకునే హక్కు కాగితం మీద ఉంటేనే ఇంత గోల, లేకపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

మన దగ్గరి కథ కుస్తీది. 2023 ఆసియా క్రీడలకి బజరంగ్ పునియా, వినేష్ ఫోగట్‌లకి ట్రయల్స్ లేకుండానే ప్రవేశం ఇచ్చారు. అంతిమ్ పంఘాల్, సుజీత్ కల్కల్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు. పిటిషన్ కొట్టేశారు. తర్వాత వినేష్ మోకాలి గాయంతో తప్పుకోవడంతో అంతిమ్ వెళ్లి కాంస్యం తెచ్చింది. ఈ కథలో మీకు పనికొచ్చేవి రెండు: మినహాయింపు ఎవరికి, ఏ ప్రాతిపదికన ఇస్తారో ముందే రాయాలి. రిజర్వ్‌లో ఉన్న పిల్లని నిజంగా వెళ్లబోయే పిల్లలాగే సిద్ధంగా ఉంచాలి.

నా సలహా అడిగితే: గత 12 నెలల్లో గుర్తింపు పొందిన పోటీల్లో వచ్చిన రెండు మంచి స్కోర్ల సగటుకి 60 శాతం, ట్రయల్‌కి 40 శాతం. ఇద్దరి మధ్య తేడా మూడు పాయింట్ల లోపు ఉంటే సమానమే అనుకోండి, ఎందుకంటే అది ఒక్క జంప్ తేడా. అప్పుడు మాత్రం కమిటీ విచక్షణ వాడాలి, వాడిన కారణాన్ని నాలుగు వాక్యాల్లో మినిట్స్‌లో రాయాలి. ఈ శాతాలే పట్టుకోమని అనను. ఏ శాతమైనా సరే, సీజన్ మధ్యలో మార్చకూడదంతే.

వయసు: జులై 1 లెక్క

సింగిల్స్‌లో జూనియర్ అంటే సీజన్ మొదలయ్యే జులై 1కి ముందే 13 నిండాలి, 19 నిండకూడదు. సీనియర్‌కి ఒకప్పుడు 15 ఉంటే చాలు. 2022 జూన్‌లో ఐఎస్‌యూ దాన్ని ఏడాదికొకటి చొప్పున పెంచుతూ 2024-25 సీజన్ నుంచి 17 చేసింది. మన వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పోటీ రోజున ఎన్నేళ్లో చూస్తారు, కాదు, జులై 1కి ముందు ఎన్నేళ్లు నిండాయో చూడాలి. ఆగస్టులో పుట్టిన పాప, జూన్‌లో పుట్టిన పాప ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు ఈ ఏడు వెళ్లొచ్చు, ఇంకొకరు వచ్చే ఏడు దాకా ఆగాలి.

అలిసా లియూ 2019లో 13 ఏళ్లకే అమెరికా సీనియర్ చాంపియన్ అయింది. పుట్టింది ఆగస్టులో. దాంతో ఆ సీజన్‌లో వరల్డ్ చాంపియన్‌షిప్‌కే కాదు, జూనియర్ వరల్డ్స్‌కి కూడా వయసు చాల్లేదు. దేశం మొత్తం మీద మొదటి స్థానం, పోవడానికి పెద్ద పోటీ లేదు. మీ జాతీయ పోటీల్లో కూడా ఇలాంటి పిల్ల గెలవొచ్చు. అప్పుడు స్థానం రెండో పిల్లకి వెళ్తుందని, ఎందుకు వెళ్తుందో, పోటీకి ముందే ప్రకటించండి. గెలిచాక చెప్తే కుట్రలాగే కనిపిస్తుంది.

వయసు కాగితం విషయంలో మొహమాటం వద్దు. పుట్టిన ఏడాదిలోపు నమోదైన జీహెచ్‌ఎంసీ సర్టిఫికెట్ ఉంటే అది తీసుకోండి. నాలుగైదేళ్ల తర్వాత నమోదు చేయించిన సర్టిఫికెట్ అయితే ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, బడిలో చేర్పించినప్పటి రికార్డు కలిపి చూడండి. మీసేవలో తీసిన ప్రింటు తేదీ వేరు, రిజిస్ట్రేషన్ తేదీ వేరు. చూడాల్సింది రెండోది. పాస్‌పోర్టులో ఉన్న తేదీ, బడి రికార్డులో ఉన్న తేదీ కలవకపోతే సీజన్ మొదట్లోనే తేల్చుకోమనండి. వీసా ఇంటర్వ్యూ ముందు రోజు బయటపడితే ఎవరూ ఏమీ చేయలేరు.

ఏ పోటీకి ఏ పిల్ల

వరల్డ్ చాంపియన్‌షిప్‌లో ప్రతి దేశానికీ ఒక్కో విభాగంలో ఒక స్థానం ఉంటుంది. కిందటి ఏడు బాగా చేసిన దేశాలకి రెండు, మూడు. యూరప్ బయటి దేశాల కోసం జరిగే ఫోర్ కాంటినెంట్స్ చాంపియన్‌షిప్‌కి దేశానికి ముగ్గురి దాకా వెళ్లొచ్చు. అయితే స్థానం ఉన్నంత మాత్రాన పంపలేరు. పోటీలో రెండు భాగాలు: చిన్నది షార్ట్ ప్రోగ్రామ్, పెద్దది ఫ్రీ స్కేట్. రెండిట్లోనూ విడివిడిగా కనీస టెక్నికల్ స్కోరు (జంపులు, స్పిన్లలాంటి వాటికి వచ్చే మార్కులు) తెచ్చుకుని ఉండాలి. అది కూడా ఐఎస్‌యూ గుర్తించిన అంతర్జాతీయ పోటీలో. మన జాతీయ పోటీలో ఎంత వచ్చినా లెక్కలోకి రాదు. ఊరట ఏంటంటే షార్ట్‌కి కావాల్సిన కనీస స్కోరు ఒక పోటీలో, ఫ్రీకి కావాల్సింది ఇంకో పోటీలో తెచ్చుకున్నా చెల్లుతుంది.

అందుకే మీ ప్రణాళిక వెనక నుంచి ముందుకి రావాలి. ఫిబ్రవరి, మార్చిలో పెద్ద పోటీ ఉందంటే, కనీస స్కోరు తెచ్చుకోవడానికి అక్టోబర్, నవంబర్‌లలో చిన్న అంతర్జాతీయ పోటీలు రెండైనా దొరకాలి. ఆ చిన్న పోటీలకి ఎవర్ని పంపుతారన్నదే నిజానికి అసలు సెలక్షన్. పెద్ద పోటీ లిస్టు మీద కొట్లాడే పెద్దమనుషులు ఈ చిన్న లిస్టుని పట్టించుకోరు, తీరా ఫిబ్రవరి వచ్చేసరికి అర్హత ఉన్న పిల్ల ఒక్కతే మిగులుతుంది.

మొదటిసారి దేశం దాటే పిల్లని నేరుగా చాంపియన్‌షిప్‌కి పంపకండి. నోవిస్ (జూనియర్ కన్నా కింది విభాగం), జూనియర్ విభాగాలు కలిసి ఉండే చిన్న పోటీకి ముందు పంపండి. పెద్ద రింక్, తెలియని కోచ్‌లు, అధికారిక ప్రాక్టీసులో ఆరుగురితో కలిసి గిర్రున తిరగడం, ఇవన్నీ అలవాటు కావాలి.

స్కోర్ షీట్ చదవడం నేర్చుకోండి

మొత్తం మార్కులు చూసి ఎంపిక చేసే కమిటీకి సగం సంగతే తెలుస్తుంది. ప్రతి పోటీ తర్వాత ఇచ్చే వివరాల షీటులో ప్రతి జంప్, ప్రతి స్పిన్ విలువ, దాని పక్కన చిన్న గుర్తులు ఉంటాయి. జంప్ పావు చుట్టు తక్కువైతే ఒక గుర్తు, అంతకు మించి తక్కువైతే ఇంకోటి, అర చుట్టు లేదా అంతకన్నా ఎక్కువ తక్కువైతే డౌన్‌గ్రేడ్. మీ లెక్క మొదలవ్వాల్సింది ఆ గుర్తుల దగ్గర.

ఒక లెక్క చేసి చూపిస్తాను. ఇద్దరు పదమూడేళ్ల అమ్మాయిలు. ఒకామె ట్రిపుల్ సాల్‌కోవ్ (మూడు చుట్ల జంప్) వేస్తుంది, కోచ్ గర్వంగా చెప్తారు. రెండో ఆమెది డబుల్ ఆక్సెల్ (రెండున్నర చుట్ల జంప్). ట్రిపుల్ సాల్‌కోవ్ విలువ 4.30, డబుల్ ఆక్సెల్ 3.30. మొదటి అమ్మాయి శుభ్రంగా దిగితే ఒక పాయింటు ముందుంది. చుట్లన్నీ పూర్తయినా కింద పడితే నాణ్యత మార్కులు అడుగుకి పోయి సగం విలువ పోతుంది, ఇంకా పడినందుకు ఒక పాయింటు కోత. మిగిలేది 1.15. జంప్ పావు చుట్టుకి మించి తక్కువై పడితే విలువ 80 శాతానికి దిగి చివరికి 0.72 వస్తుంది. డౌన్‌గ్రేడ్ అయి పడితే డబుల్ సాల్‌కోవ్ విలువ 1.30 కింద లెక్క, అందులో సగం పోయి, ఒక పాయింటు కోత పడి, మైనస్ 0.35. సున్నా కన్నా తక్కువ. రెండో అమ్మాయి మామూలుగా దిగినా 3.30 ఉంచుకుంటుంది.

మరి ట్రిపుల్ వేసే పిల్లని వదిలేయాలా? వదిలేయక్కర్లేదు. కోచ్‌ని ప్రాక్టీసు రికార్డు అడగండి: గత నెలలో ప్రోగ్రామ్ మధ్యలో, మ్యూజిక్ మీద, ఎన్నిసార్లు వేసింది, ఎన్నిసార్లు దిగింది. విడిగా వేసి దిగినవి లెక్క కాదు. సగం కన్నా ఎక్కువ దిగుతుంటే ఆమె ఈ ఏడాది పిల్ల. లేకపోతే వచ్చే ఏడాది పిల్ల. కనీస టెక్నికల్ స్కోరు తెచ్చుకోవాల్సిన పోటీకి ఆమెని డబుల్ ఆక్సెల్‌తోనే పంపండి, కోచ్‌కి ఇష్టం లేకపోయినా.

రెండో అంకె కాంపోనెంట్స్, అంటే మొత్తం స్కేటింగ్ తీరుకి జడ్జీలు వేసే మార్కులు. 2022-23 నుంచి అవి మూడే: కంపోజిషన్, ప్రెజెంటేషన్, స్కేటింగ్ స్కిల్స్. చిన్నపిల్లల ఎంపికలో నేను స్కేటింగ్ స్కిల్స్‌కి పెద్దపీట వేస్తాను. పదమూడేళ్లకి వచ్చిన ట్రిపుల్ ఎత్తు పెరిగితే పోవచ్చు. బ్లేడు అంచు మీద లోతుగా వాలి, చప్పుడు లేకుండా, తక్కువ తోపులతో ఎక్కువ దూరం పోయే పిల్లకి ఆ నడక పోదు. షీటు లేకపోయినా ఇది చెవికి తెలుస్తుంది. మంచు మీద గరగరమని గీరుతున్న చప్పుడు ఎక్కువగా వస్తోందంటే అంచు మీద నిలబడటం ఇంకా రాలేదనే లెక్క.

ఇంకో జాగ్రత్త. దేశీయ పోటీల్లో మార్కులు కాస్త ఉదారంగా పడతాయి, ఇది అన్ని దేశాల్లోనూ ఉన్నదే. అందుకని జాతీయ స్కోరుని అంతర్జాతీయ స్కోరుతో నేరుగా పోల్చకండి. ఒక పిల్లకి విదేశంలో వచ్చిన స్కోరు, ఇంకొకరికి ఇక్కడ వచ్చిన స్కోరు పక్కపక్కన పెడితే బయటికి వెళ్లి ఆడినామెకే నష్టం. జాతీయ స్కోర్లని జాతీయ స్కోర్లతోనే పోల్చి, విదేశీ స్కోర్లకి వేరే గడి పెట్టండి.

చక్రాల మీంచి మంచు మీదకి

హైదరాబాద్‌లో ఈ పిల్లల కథ చాలాసార్లు చక్రాల మీద మొదలవుతుంది. ఇందిరా పార్కు రింక్‌లో పొద్దున్నే చూడండి, ఒకవైపు స్పీడ్ పిల్లలు రౌండ్లు కొడుతుంటారు, ఇంకోవైపు ఆర్టిస్టిక్ పిల్లలు స్పిన్లు వేస్తుంటారు, గట్టు మీద టిఫిన్ డబ్బా పట్టుకుని అమ్మలు. ఈ ఊరి అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో సింగిల్స్‌లో, అవనీ పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో కాంస్యాలు తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు వచ్చింది. పక్కనే ఉన్న స్నో వరల్డ్‌లో మంచు ఉంది కానీ అది సరదాకి, సాధనకి కాదు. మంచు మీద గట్టిగా నేర్చుకోవాలంటే గురుగ్రామ్‌కో, 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన డెహ్రాడూన్ రింక్‌కో, ఇంకా స్తోమత ఉంటే విదేశానికో పోవాలి.

సెలక్షన్ చేసేవాళ్లకి ఇందులో ఒక చిక్కు. చక్రాల పిల్లకి గాల్లో తిరగడం, మ్యూజిక్ మీద నిలబడటం, పోటీ భయం పోవడం ముందే వచ్చేసి ఉంటాయి. కానీ బ్లేడు అంచు, టో పిక్ (బ్లేడు ముందుండే పళ్లు) కొట్టే తీరు, మంచు మీద ఆగడం కొత్త. మొదటి ఏడాది స్కోరు తక్కువగా ఉండి, రెండో ఏడాది ఒక్కసారిగా ఎగబాకొచ్చు. అలాంటివాళ్లకి సీజన్ మొత్తం సగటు తీస్తే అన్యాయం. అందుకే పైన రెండు మంచి స్కోర్లు అన్నాను. అయితే రోలర్ పోటీల మార్కుల్ని మంచు ఎంపికలో కలపొద్దు. రోలర్ క్రీడల అంతర్జాతీయ సంస్థ వరల్డ్ స్కేట్ వాడే రోల్‌ఆర్ట్ మార్కుల పద్ధతి చూడటానికి ఐఎస్‌యూ పద్ధతిలాగే ఉంటుంది కానీ విలువలు వేరు, ఫెడరేషన్ కూడా వేరు.

ట్రయల్ పెట్టేటప్పుడు

ముందు మంచు సంగతి. రింక్ ఉన్న ఊళ్లో ఉండే పిల్లకి ఆ గోడలు, ఆ మూలలు, ఎక్కడ మంచు మెత్తబడుతుందో కూడా తెలుసు. హైదరాబాద్ నుంచి రాత్రి విమానం దిగి పొద్దున ట్రయల్‌కి నిలబడ్డ పిల్లకి ఏదీ తెలియదు. ట్రయల్‌కి ముందు రెండు రోజులు అందరికీ సమానంగా, ఫెడరేషన్ ఖర్చుతో, ప్రాక్టీసు సమయం ఇవ్వండి. రింక్ పూర్తి సైజు, అంటే 60 మీటర్ల పొడవు 30 మీటర్ల వెడల్పు కాకపోతే ఆ కొలత ముందే చెప్పండి. చిన్న రింక్‌లో జంప్‌కి ముందు తోపులు తగ్గించాలి, ప్రోగ్రామ్ గీత మార్చాలి. అప్పటికప్పుడు చేయగలిగే పని కాదది.

రెండు రోజులు పెట్టండి, ఒకరోజు షార్ట్, ఒకరోజు ఫ్రీ. వరుస లాటరీ తీయండి, పిల్లల ముందే. టెక్నికల్ ప్యానెల్‌కి, అంటే జంప్ చుట్లు పూర్తయ్యాయా లేదా తేల్చేవాళ్లకి, రీప్లే ఉండాలి. ఖరీదైన ఏర్పాటు లేకపోతే రెండు ఫోన్లు రెండు స్టాండ్ల మీద పెట్టి ఎదురెదురు మూలల నుంచి తీసినా కొంత నయం, వీడియో లేకుండా పావు చుట్టు తేల్చడం మాత్రం సాధ్యం కాదు. స్కోర్ షీట్లు అదే సాయంత్రం, గుర్తులతో సహా, అందరికీ ఇవ్వండి. రేపిస్తామంటే రాత్రంతా పుకార్లు.

జడ్జీలు అయిదుగురైనా ఉండాలి. అయిదుగురుంటే అన్నిటికన్నా ఎక్కువ, అన్నిటికన్నా తక్కువ మార్కులు పక్కన పెట్టి సగటు తీస్తారు. ముగ్గురే ఉంటే ఒకాయన అభిమానం మొత్తాన్ని లాగేస్తుంది.

ఆ గదిలో ఎవరు కూర్చోకూడదు

మన స్కేటింగ్ లోకం చిన్నది. జడ్జి ఒకప్పుడు ఈ పిల్ల కోచ్, సెక్రటరీ ఇంకో పిల్లకి మేనమామ, ట్రెజరర్ కూతురు మూడో పిల్లతో కలిసి ఆడింది. చుట్టరికం లేనివాళ్లతోనే కమిటీ వేస్తామంటే ఒక్కరూ దొరకరు. కాబట్టి చుట్టరికాన్ని దాచకుండా రాయించండి. ప్రతి సభ్యుడూ, ప్రతి జడ్జీ, ట్రయల్‌కి ముందే ఒక ఫారంలో రాయాలి: గత మూడేళ్లలో ఏ పిల్లకి కోచింగ్ ఇచ్చారు, ఎవరితో బంధుత్వం, ఏ క్లబ్ నుంచి జీతమో ఫీజో తీసుకుంటున్నారు. ఆ పిల్ల పేరు చర్చకు వచ్చినప్పుడు వాళ్లు గది బయటికి వెళ్లాలి. "నేను మాట్లాడను, ఊరికే కూర్చుంటా" అంటే ఒప్పుకోవద్దు. కుర్చీలో మనిషి ఉంటే మిగతావాళ్ల నోరు పెగలదు.

2002 సాల్ట్‌లేక్ ఒలింపిక్స్‌లో ఫ్రెంచ్ జడ్జి మీద వచ్చిన ఆరోపణలతో పెయిర్స్‌లో రెండో బంగారు పతకం ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పుడున్న మార్కుల పద్ధతే ఆ గొడవలోంచి పుట్టింది. అంత పెద్ద వేదిక మీదే జరిగినప్పుడు మన కాన్ఫరెన్స్ హాల్లో జరగదని ఎవరు హామీ ఇస్తారు?

కమిటీలో ఒక మాజీ స్కేటర్‌ని, ఒక మహిళని, స్కేటింగ్‌తో సంబంధం లేని డాక్టర్‌నో టీచర్‌నో ఒకర్ని పెట్టండి. ఆ మూడో మనిషి అడిగే అమాయకపు ప్రశ్నలకి జవాబు చెప్పలేకపోతే మీ విధానంలో ఎక్కడో చిల్లు ఉందన్నట్టే.

ఒళ్లు, మందులు, పరీక్షలు

బరువుని ఎంపిక ప్రమాణంగా ఏ కాగితం మీదా రాయొద్దు, నోటితో అనొద్దు. సోచీలో 15 ఏళ్లకే టీమ్ స్వర్ణం గెలిచిన యూలియా లిప్నిత్‌స్కయా తిండి మానేసే జబ్బు అనొరెక్సియాతో 19 ఏళ్లకే ఆటకి దూరమైంది. అలిసా లియూ 16 ఏళ్లకి ఆట వదిలేసి, రెండేళ్లు హాయిగా గడిపి, తిరిగొచ్చి 2025లో బోస్టన్‌లో వరల్డ్ చాంపియన్ అయింది. పిల్లని పిండేయడం కన్నా ఆగనివ్వడమే మేలని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఎంపికకి ముందు డాక్టర్ పరీక్ష పెట్టండి, కానీ ఫలితం కమిటీ చేతికి "ఆడొచ్చు, ఇప్పుడు ఆడకూడదు, మళ్లీ చూడాలి" అన్న మూడు మాటల్లోనే రావాలి. ఆడపిల్లకి మూడు నెలలుగా నెలసరి ఆగిపోతే, ఒకే చోట ఎముక నొప్పి తగ్గకపోతే, ఆ సంగతి లేడీ డాక్టర్ దగ్గరే ఉండాలి. సెక్రటరీ ఫోన్‌లోకి రాకూడదు.

మందుల విషయం మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే దగ్గు సిరప్‌లలో చాలావాటిలో టెర్బుటలిన్ ఉంటుంది. అది అన్ని వేళలా నిషేధిత పదార్థం. సీసా వెనక చిన్న అక్షరాలు చదవనిదే తెలియదు. సాల్బ్యుటమాల్ ఉన్న సిరప్ కూడా అంతే. ఇన్‌హేలర్‌కి ఉన్న సడలింపు నోటితో తాగేదానికి లేదు. లిస్టులోకి వచ్చిన ప్రతి ఇంటికీ ఒక పేజీ ఇవ్వండి: ఏ మందు వేసుకున్నా ముందు సీసా ఫొటో టీమ్ డాక్టర్‌కి పంపాలి. ఆస్తమాలాంటిది నిజంగా ఉంటే అనుమతి దరఖాస్తు ముందే పెట్టాలి. డోపింగ్ పరీక్షలో దొరికినప్పుడు రష్యా స్కేటర్ కమీలా వలీయెవాకి 15 ఏళ్లు, డోపింగ్ రూల్స్‌లో 16 లోపు వాళ్లకి ప్రత్యేక రక్షణ కూడా ఉంది, అయినా 2024 జనవరిలో నాలుగేళ్ల నిషేధం పడింది ఆ పిల్ల మీదే.

ఇక పరీక్షలు. జూనియర్ వరల్డ్స్ 2024లో తైపేలో, 2025లో డెబ్రెత్సెన్‌లో, రెండుసార్లూ ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదటి వారాల్లో జరిగాయి. సరిగ్గా మన ఇంటర్ పరీక్షల రోజులు, పదో తరగతి పరీక్షలు మెడ మీద ఉన్న రోజులు. ఇంటర్ పిల్లకి వెనకాల ఎప్‌సెట్ కూడా ఉంటుంది. సెలక్షన్ ఫారంలోనే "ఈ ఏడాది బోర్డు పరీక్షలున్నాయా" అని అడిగి, పిల్లతో విడిగా, తల్లిదండ్రులు లేకుండా ఒకసారి మాట్లాడండి. వెళ్లనంటే అది క్రమశిక్షణా రాహిత్యం కాదు. వచ్చే ఏడాది ఎంపికలో దాని ప్రభావం ఉండదని రాసివ్వండి.

డబ్బు, ప్రయాణం, తోడు

"ఖర్చు మీరే పెట్టుకుంటారా?" అన్న ప్రశ్న ఎంపిక ముగిసేదాకా ఎవరినీ అడక్కూడదు. ముందే అడిగితే అది ఎంపిక కాదు, టికెట్ అమ్మకం. ఫెడరేషన్ దగ్గర ఎంత ఉంది, ఇంటివాళ్లు ఎంత పెట్టుకోవాలి అన్నది జూన్ కాగితంలోనే ఉంటే, డబ్బు లేనివాళ్లకి స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి నెలలు దొరుకుతాయి.

లిస్టులో ఉన్నవాళ్ల, రిజర్వ్‌ల పాస్‌పోర్టులు ఆరు నెలలకి మించి చెల్లుతాయో లేదో చూడండి. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే అయిపోతుందని చాలామందికి గుర్తుండదు. తల్లిదండ్రులిద్దరి అంగీకార పత్రం నోటరీ చేయించి ఉంచండి.

ఆడపిల్లలు ఉంటే మహిళా మేనేజర్ తప్పనిసరి. కోచ్, పిల్ల ఒకే గదిలో ఉండకూడదు, ఒంటరిగా ఒకే కారులో పోకూడదు, రాత్రిపూట విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు. ఇది కోచ్‌ని అనుమానించడం కాదు, కోచ్‌కి కూడా రక్షణే. ఏదైనా జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పడం బాధ్యత, "మనలో మనం మాట్లాడుకుందాం" అనేది నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు, హైదరాబాద్‌లోని భరోసా కేంద్రం వివరాలు ప్రతి పిల్ల చేతిలో ఉండాలి.

లిస్టు చెప్పే రోజు

గ్రూపులో పెట్టేముందు, ఎంపిక కాని పిల్లల ఇళ్లకి ఫోన్ చేయండి. సెక్రటరీయే చేయాలి, క్లర్క్ కాదు. పాపతో కూడా మాట్లాడండి. ఆమె స్కోర్ షీటు ముందు పెట్టుకుని, ఎక్కడ ఎన్ని పాయింట్లు పోయాయో చెప్పండి: "అమ్మా, నీ ఫ్లిప్ రెండుసార్లు డౌన్‌గ్రేడ్ అయింది, స్పిన్‌లో ఒక లెవెల్ పోయింది." ఏడుస్తుంది. కాసేపు ఏడవనివ్వండి. "నెక్స్ట్ టైమ్ చూద్దాం" అన్న మాటకన్నా ఆ రెండు అంకెలే ఆమెకి పనికొస్తాయి.

అప్పీలుకి అయిదు పనిదినాలు ఇవ్వండి. సెలక్షన్ చేసిన మనుషులే అప్పీలు వినకూడదు. పెద్దవాళ్లు కోర్టుకి పోతామని బెదిరిస్తే కంగారు పడకండి. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం ఇలాంటి తగాదాల కోసమే క్రీడా ట్రిబ్యునల్ పెట్టమంటోంది. మీ మినిట్స్, ఫారాలు, వీడియోలు సరిగ్గా ఉంటే జవాబివ్వడం పెద్ద పని కాదు.

రిజర్వ్ పిల్లకి విషయం స్పష్టంగా చెప్పండి: పేరు మార్చుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడు, అప్పటిదాకా ఏ ప్రోగ్రామ్ సాధన చేయాలి, వీసా కూడా తీసి ఉంచుతారా. వీసా తీయకుండా రిజర్వ్ అంటే పేరుకే. ఆ రుసుము ఫెడరేషనే కట్టాలి.

టీమ్ తిరిగొచ్చిన నెలలోపు కోచ్, మేనేజర్, పిల్ల ముగ్గురూ విడివిడిగా ఒక్కో పేజీ రాసివ్వాలి. వచ్చిన స్కోరు, ట్రయల్ స్కోరు పక్కపక్కన పెట్టి తేడా చూడండి. వెళ్లిన ప్రతి పిల్లకీ అక్కడ పది పాయింట్లు తగ్గుతుంటే మీ ట్రయల్ జడ్జీలు ఉదారంగా ఉన్నారని అర్థం. వచ్చే జూన్‌లో కాగితం రాసేటప్పుడు ముందు అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. ఈ ఫైళ్లన్నీ ఆఫీసులో ఉండాలి, ఎవరి ఇంటి బీరువాలోనో కాదు. ఎన్నికలయ్యాక కొత్త కార్యవర్గం వస్తే సంతకం పెట్టించుకుని అప్పగించండి.